విదేశీ సైట్‌లో కొన్నది పాడైంది, అమ్మినవాళ్లు సాగదీస్తున్నారు. డబ్బు వెనక్కి రాబట్టే దారి ఏది?

రంగులపెట్టె అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. వేరే దేశంలో ఉన్న ఒక అమ్మకందారు దగ్గర, వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే, బొమ్మలు గీసుకునే టాబ్లెట్ కొన్నాను. క్రెడిట్ కార్డుతో కట్టాను. వచ్చిన కొత్తలో బాగానే పనిచేసింది. తర్వాత స్క్రీన్ మీద ఒక పక్కన పెన్ను గీత పడటం మానేసింది, ఇప్పుడేమో వెనక మూత కొంచెం పైకి లేచింది, చూస్తే లోపల బ్యాటరీ ఉబ్బినట్టుంది. కింద పడలేదు, తడవలేదు, వాళ్లిచ్చిన చార్జర్ తప్ప వేరేది వాడలేదు.

మెయిల్ పెడితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమన్నారు, చేశాను. వీడియో పంపమన్నారు, పంపాను. ఆ తర్వాత ధరలో 15 శాతం వెనక్కిస్తాం, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. నేను ఒప్పుకోకపోయేసరికి, అయితే మీ ఖర్చుతో మాకు పంపండి, పరీక్షించి చెప్తాం, మా టీమ్ చాలా బిజీగా ఉంది, ఓపిక పట్టండి అని మొదలుపెట్టారు. కొరియర్‌ని అడిగితే చార్జీ వస్తువు ధరలో సగానికి దగ్గరగా ఉంది.

వాళ్ల నిబంధనల పేజీలో వివాదం ఏదైనా తమ దేశపు కోర్టులోనే తేల్చుకోవాలని, రిటర్న్ ఖర్చు కొన్నవాళ్లదేనని రాసి ఉంది. నేను టిక్ పెట్టి ఒప్పుకున్నాను కూడా. అంటే ఇక నాకు ఏ హక్కూ లేనట్టేనా? మనం ఉండే దేశపు చట్టం ఇలాంటి చోట పనికొస్తుందా? నేను ఎక్కడ ఉంటానో కావాలనే రాయడం లేదు, మా ఇంట్లోవాళ్లు తలా ఒక దేశంలో ఉన్నారు, అందరూ ఇలాగే కొంటుంటారు, కాబట్టి ఎవరికైనా ఉపయోగపడేలా చెప్తే మేలు. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

లెక్కలపుస్తకం జవాబు

కార్డు వివాదాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. చట్టం సంగతి తర్వాత, ముందు గడువు చూసుకోండి. మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి, లోపమున్న వస్తువు మీద చార్జ్‌బ్యాక్ (కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగే పద్ధతి) పెట్టడానికి నాకు ఆఖరి తేదీ ఏది అని అడగండి, వాళ్లు చెప్పిన తేదీ రాసిపెట్టుకోండి. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటిలోనూ ఇలాంటి కేసుకు సాధారణంగా 120 రోజులు ఉంటాయి, వస్తువు మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. బ్యాంకు తన పనికి కొంత సమయం ఉంచుకోవాలి కాబట్టి ఇంకా ముందే ఇమ్మని అడగొచ్చు. ఓపిక పట్టండి అంటూ అమ్మకందారు రాసే మెయిళ్లు ఎప్పుడూ ఈ 120 రోజుల్ని తినేయడానికే వస్తాయని నేను అనను, కానీ ఫలితం మాత్రం అదే అవుతుంది. గడువు దాటాక వాళ్ల గొంతు మారిపోయిన కేసులు చాలా చూశాను.

చార్జ్‌బ్యాక్ అంటే ఏమిటో చాలామందికి సరిగా తెలియదు. ఇది మీకు చట్టం ఇచ్చిన హక్కు కాదు, కార్డు నెట్‌వర్క్ పెట్టుకున్న నియమం. అందుకే అమ్మకందారు ఏ దేశంలో ఉన్నాడన్నది దానికి అడ్డు కాదు. మీ బ్యాంకు అమ్మకందారు బ్యాంకు దగ్గర నుంచి ఆ డబ్బు వెనక్కి లాగుతుంది, అమ్మకందారు ఒప్పుకోకపోతే తన ఆధారాలు పెట్టుకోవాలి, అప్పటికీ తేలకపోతే నెట్‌వర్కే తీర్పు చెప్తుంది. ప్రతి చార్జ్‌బ్యాక్‌కీ అమ్మకందారు మీద ఫీజు పడుతుంది, అవి ఎక్కువైతే కార్డులు తీసుకునే అర్హతకే ముప్పు. మీ మెయిళ్లకు కదలనివాళ్లు దీనికి కదిలేది అందుకే. డెబిట్ కార్డులకు కూడా వర్తిస్తుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినా, క్రిప్టోలో కట్టినా ఈ దారి లేదు.

బ్యాంకు మిమ్మల్ని అడిగేవి ఇవి: వస్తువు వర్ణన ఎలా ఉంది, లోపం ఏమిటి, ఎప్పుడు బయటపడింది, అమ్మకందారుతో పరిష్కరించుకోవడానికి మీరు ప్రయత్నించారా, వస్తువు తిరిగి పంపారా, కనీసం పంపుతానని ముందుకొచ్చారా. ఆఖరిది చాలా ముఖ్యం. "పంపను" అని మీరు ఎక్కడైనా రాసి ఉంటే కేసు బలహీనపడుతుంది. పంపడానికి సిద్ధంగా ఉన్నాను, ఇలా పంపే ఏర్పాటు చేయండి అని రాసి ఉండాలి.

మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా బ్రిటన్‌లో ఉంటే వాళ్లకు ఇంకో గట్టి దారి ఉంది. అక్కడి 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలో 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువు క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మకందారుతో పాటు కార్డు కంపెనీ కూడా బాధ్యత మోయాలి. విదేశంలో కొన్నవాటికి ఇది వర్తించదని బ్యాంకులు చాలాకాలం వాదించాయి, 2007లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాదన కొట్టేసింది. ఇది చట్టం ఇచ్చిన హక్కు, 120 రోజులతో సంబంధం లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఇంకా త్వరపడాలి. అక్కడి చట్టం కింద బిల్లు వివాదాన్ని స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా పెట్టాలి.

పేపాల్‌తో కట్టేవాళ్లకు లెక్క వేరు. కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ తెరవొచ్చు. తెరిచిన 20 రోజుల లోపు దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాలే తేల్చమని అడిగే ఫిర్యాదుగా, మార్చకపోతే దానంతటదే మూసుకుపోతుంది, మూసుకుపోతే మళ్లీ తెరవలేరు. "డిస్ప్యూట్ క్లోజ్ చేయండి, వెంటనే రీఫండ్ వేస్తాం" అని అమ్మకందారు అడిగితే, డబ్బు ఖాతాలో కనబడేదాకా క్లోజ్ చేయొద్దు. స్నేహితులకు పంపే పద్ధతిలో కట్టమని అడిగితే అసలు కొనొద్దు, దానికి రక్షణే లేదు.

గాలివాటం జవాబు

ఇంత తలనొప్పి ఎందుకండీ, ఆ 15 శాతం తీసుకుని వదిలేయండి. విదేశం వాడిని ఏం చేయగలం? కోర్టుకు వెళ్తే లాయరు ఖర్చే వస్తువు కన్నా ఎక్కువ అవుతుంది.

తెల్లకాగితం జవాబు

పై మాటతో నేను ఏకీభవించను. అందరూ వదిలేస్తారన్న ధీమాతోనే అలాంటి నిబంధనలు రాస్తారు. రంగులపెట్టె గారూ, మీరు అడిగిన చట్టం సంగతి నేను చెప్తాను.

దేశాల మధ్య సరుకు అమ్మకాలకు ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటి ఉంది, 1980లో వియన్నాలో కుదిరింది. కానీ అది వ్యాపారులకు. ఇంట్లో వాడుకోవడానికి కొనే వస్తువుల్ని రెండో అధికరణంలోనే పక్కన పెట్టేశారు. కాబట్టి అందరికీ వర్తించే ఒకే వినియోగదారు చట్టం లేదు. ఉన్నదల్లా ఆయా దేశాల చట్టాలు. అవి సరిహద్దు దాటి ఎంతవరకు పనిచేస్తాయన్నదే అసలు ప్రశ్న.

చాలాచోట్ల దానికి జవాబు ఒకే తీరుగా ఉంటుంది. అమ్మకందారు మీ దేశపు వాళ్లకు అమ్మాలని పనిగట్టుకుని చూశాడా, లేక మీరే వెళ్లి వాళ్ల దేశంలో కొన్నట్టా? యూరోపియన్ యూనియన్‌లో దీన్ని సూటిగా రాశారు. వ్యాపారి తన కార్యకలాపాన్ని వినియోగదారు దేశం వైపు తిప్పితే, ఒప్పందంలో వేరే దేశపు చట్టం అని రాసుకున్నా, వినియోగదారు ఉండే దేశపు చట్టం ఇచ్చే రక్షణను తీసేయడానికి వీల్లేదు. వైపు తిప్పడం అంటే ఏమిటో అక్కడి న్యాయస్థానం 2010లో వివరించింది: వేరే దేశపు భాషలో, కరెన్సీలో సైట్ నడపడం, అంతర్జాతీయ కోడ్ కలిపి ఫోన్ నంబరు ఇవ్వడం, ఆ దేశంలోని వాళ్లకు కనిపించేలా ప్రకటనలకు డబ్బు కట్టడం, ఇలాంటివన్నీ కలిపి చూడాలని. మన దేశం నుంచి సైట్ తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు.

అందుకే చెప్పేదేమంటే, మీరు కొన్న పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ధర మీ కరెన్సీలో చూపించిందా, మీ దేశానికి డెలివరీ ఉందని రాశారా, మీ భాష ఎంచుకునే వీలుందా, అవన్నీ కనబడేలా. సైట్లు రేపటికి మారిపోతాయి, ఈ చిన్న విషయాలే మీ చట్టం పనిచేయడానికి పునాది.

భారత్‌లో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఇదే దారి. దేశంలో స్థాపించకపోయినా, ఇక్కడి వినియోగదారులకు క్రమపద్ధతిలో సరుకు అమ్మే సంస్థలకు వర్తిస్తాయని అందులోనే ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, లేదా పనిచేసే చోటే ఉన్న వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడొచ్చు.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. స్టీమ్ అనే గేముల అంగడి నడిపే అమెరికా కంపెనీ వాల్వ్ మీద అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ కేసు వేసింది. లోపమున్నా రీఫండ్ ఇవ్వం అన్నట్టు రాసుకున్న షరతుల మీద వివాదం. మా ఒప్పందం వాషింగ్టన్ రాష్ట్ర చట్టం కింద ఉంది, మేం ఆస్ట్రేలియాలో వ్యాపారం చేయడం లేదు అని కంపెనీ వాదించింది. ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది, అప్పీలులోనూ కంపెనీ గెలవలేదు. మీరు టిక్ పెట్టి ఒప్పుకున్నానని బాధపడుతున్న షరతు లాంటిదే వాళ్లదీ.

ఇక లోపం సంగతికొస్తే, యూరోపియన్ యూనియన్‌లో కనీసం రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంది, మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాళ్లే. దీన్ని 14 రోజుల రిటర్న్ హక్కుతో కలపకండి, అది మనసు మార్చుకున్నప్పటిది, లోపానికి సంబంధం లేదు. బ్రిటన్‌లో మొదటి 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి డబ్బు అడగొచ్చు, ఆరు నెలల లోపైతే ముందు రిపేరు లేదా మార్పిడి, అప్పుడు కూడా నిరూపణ భారం అమ్మినవాళ్లదే. చాలా కంపెనీలు "మా వారంటీ" అని కాగితం చూపించి ఇంతే మీ హక్కు అన్నట్టు మాట్లాడతాయి. వారంటీ వాళ్లు ఇచ్చేది, చట్టబద్ధ హామీ దానికి అదనం. ముఖ్యంగా వారంటీలు చాలావరకు కొన్న ప్రాంతానికే చెల్లుతాయి, మీ ఊళ్లో అదే బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఉన్నా ముట్టుకోకపోవచ్చు.

దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మీ దేశంలో తీర్పు వచ్చినా, ఆ దేశంలో ఆస్తి ఏదీ లేని అమ్మకందారు దగ్గర వసూలు చేయడం చాలా కష్టం. అందుకే లెక్కలపుస్తకం గారు చెప్పిన కార్డు దారే ముందు. చట్టం తెలిసి ఉంటే ఆ కార్డు ఫిర్యాదులో మీ మాటకు బరువు వస్తుంది.

రంగులపెట్టె

ఇద్దరికీ చాలా థాంక్స్. బ్యాంకుకు ఫోన్ చేశాను, గడువు ఇంకా ఉంది, కానీ ఎక్కువ లేదు. రెండు సందేహాలు. ఒకటి, ఉబ్బిన బ్యాటరీతో దీన్ని కొరియర్‌లో పంపొచ్చా, ఇంట్లో ఉంచడానికే భయంగా ఉంది. రెండు, వచ్చినప్పుడు కస్టమ్స్ సుంకం కట్టాను, వస్తువు వెనక్కి పంపితే అది పోయినట్టేనా? ఇవాళే ఇంకో మెయిల్ వచ్చింది, పార్సిల్ మీద తక్కువ విలువ రాసి, గిఫ్ట్ అని పెట్టి, ఇంకో చిరునామాకు పంపమంటున్నారు.

పెద్దమూట జవాబు

సరుకు రవాణాలో చాలాకాలంగా ఉన్నాను. ఆ టాబ్లెట్‌ను ఇక చార్జ్ చేయకండి, ఆన్ చేయకండి, మూత నొక్కి సరిచేయాలని చూడకండి. మంట పట్టే వస్తువులకు దూరంగా, ఎండ తగలని చోట పెట్టండి. ఫొటోలు మాత్రం తీయండి, పక్కనుంచి స్కేలు ఆనించి తీస్తే ఎంత ఉబ్బిందో తెలుస్తుంది.

పాడైన, లోపమున్న లిథియం బ్యాటరీని విమానంలో పంపడం అంతర్జాతీయ విమాన రవాణా నియమాల ప్రకారం నిషేధం. ప్రయాణికుల విమానమైనా సరుకు విమానమైనా అంతే. దాచిపెట్టి మామూలు పార్సిల్‌గా పంపితే మీరే నేరం చేసినవాళ్లవుతారు, పైగా విమానంలో నిప్పు అంటుకునే ప్రమాదం. గిఫ్ట్ అని రాయడం కూడా తప్పుడు డిక్లరేషన్, తక్కువ విలువ రాస్తే పోయినప్పుడు బీమా కూడా ఆ తక్కువకే. ఆ మెయిల్‌ను భద్రంగా దాచండి, మీ కేసుకు అంతకన్నా మంచి ఆధారం దొరకదు. వాళ్లు పంపమన్న తీరు చట్టవిరుద్ధం, కాబట్టి పంపలేకపోవడం మీ తప్పు కాదు.

వేరే చిరునామా విషయంలో ఎవరైనా జాగ్రత్తగా ఉండాలి. ఒప్పందంలో ఉన్న కంపెనీ పేరుతో, వాళ్లు రాతలో ఇచ్చిన చిరునామాకు తప్ప పంపొద్దు. పార్సిల్ అక్కడ ఎవరూ తీసుకోకపోతే "మాకు అందలేదు" అంటారు, ట్రాకింగ్ కాగితం ఉన్నా వాదన లాగుతుంది.

సుంకం గురించి: చాలా దేశాల్లో లోపమున్న సరుకు వెనక్కి పంపితే కట్టిన సుంకం తిరిగి అడిగే పద్ధతి ఉంది, షరతులు వేరువేరు. యూరోపియన్ యూనియన్‌లోనూ, బ్రిటన్‌లోనూ లోపమున్న సరుకుకు ఒక ఏడాది లోపు అడగాలి. దిగుమతి కాగితాలు, వెనక్కి పంపిన రుజువు, లోపం ఉందని అమ్మకందారు ఒప్పుకున్న మెయిల్, ఇవి కావాలి. అందుకే వెనక్కి పంపేముందే కస్టమ్స్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది, పంపాక అడిగితే చూపించడానికి వస్తువే ఉండదు. బ్యాటరీ లేని మామూలు వస్తువైతే తపాలాలో కస్టమ్స్ ఫారం మీద "లోపమున్న సరుకు, తిరిగి పంపుతున్నది" అని రాయండి. మార్పిడి వస్తువు వచ్చేటప్పుడు మళ్లీ సుంకం పడొచ్చు, అది ఎవరు భరిస్తారో ముందే రాయించుకోండి.

ఇంకో మాట, మీకు కాదు గానీ చదివేవాళ్లకు. వేరే దేశపు వోల్టేజీకి చేసిన వస్తువు మన దగ్గర కాలిపోతే, ప్లగ్గు సరిపడకపోతే, ఫోన్‌లో మన నెట్‌వర్క్ బ్యాండ్ లేకపోతే, పేజీలో ఆ వివరం సరిగానే రాసి ఉంటే అది లోపం కింద రావడం కష్టం. కొనేముందే చూసుకోవాలి.

లెక్కలపుస్తకం

పెద్దమూట గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, ఆ గిఫ్ట్ మెయిల్ బ్యాంకుకు తప్పకుండా జత చేయండి.

గాలివాటం గారూ, 15 శాతం తీసుకోమన్నారు కదా, అందులో చిక్కుంది. చాలాసార్లు దాంతోపాటు "ఇంతటితో వివాదం పూర్తిగా ముగిసింది" అనే వాక్యం వస్తుంది. సరేనని జవాబిచ్చిన ఒక్క మెయిల్‌తో మిగతా 85 శాతం మీద దారి మూసుకుపోవచ్చు. మీరు అడగకుండానే వాళ్లు కొంత డబ్బు వేసేస్తే, ఇది పూర్తి పరిష్కారంగా నేను ఒప్పుకోవడం లేదు, పాక్షిక చెల్లింపుగా మాత్రమే చూస్తున్నాను అని ఆ రోజే రాయండి.

రంగులపెట్టె గారూ, ఇవాళ ఒక ఆఖరి మెయిల్ పెట్టండి, ఇంచుమించు ఇలా:

"ఫలానా ఆర్డరు నంబరు టాబ్లెట్‌లో స్క్రీన్ లోపం, బ్యాటరీ ఉబ్బడం ఉన్నాయి, ఫొటోలు జతచేశాను. వస్తువును తిరిగి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పాడైన లిథియం బ్యాటరీని విమానంలో పంపడం నిషేధం కాబట్టి, చట్టబద్ధమైన రవాణాను మీ ఖర్చుతో మీరే ఏర్పాటు చేయండి, లేదా వస్తువును ఇక్కడే సురక్షితంగా పారవేయమని రాసివ్వండి. పార్సిల్ మీద తప్పుడు వివరాలు రాయను. ఫలానా తేదీలోపు పూర్తి రీఫండ్ రాకపోతే కార్డు బ్యాంకు ద్వారా వివాదం నమోదు చేస్తాను."

తేదీ దగ్గర ఒక వారం ఇవ్వండి చాలు, మీ బ్యాంకు గడువుకు బాగా ముందు పడేలా చూసుకోండి. భాష మర్యాదగా ఉండనీయండి, ఈ మెయిల్ రేపు బ్యాంకువాళ్లు చదువుతారు. రీఫండ్ వాళ్ల కరెన్సీలో వస్తే మారకపు రేటు తేడాతో కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఆ తేడా కోసం కేసు ఆపకండి, తర్వాత విడిగా అడగొచ్చు.

ఫిర్యాదు రికార్డు కావాలంటే ఈ-కన్స్యూమర్ డాట్ గవ్ అని చాలా దేశాల వినియోగదారుల సంస్థలు కలిసి నడిపే సైట్ ఉంది, విదేశీ అమ్మకందారుల మీద ఫిర్యాదులు తీసుకుంటుంది. మీ ఒక్కరి డబ్బు వాళ్లు ఇప్పించరు, కానీ ఒకే అమ్మకందారు మీద ఫిర్యాదులు పోగైతే అధికారులకు కనిపిస్తుంది. మీరూ, అమ్మకందారూ ఇద్దరూ యూరోపియన్ యూనియన్, నార్వే, ఐస్‌లాండ్‌లలో ఉంటే అక్కడి యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్లు ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తాయి, దాన్ని వాడుకోండి.

మెయిల్‌లో రాసిన తేదీ దాటిన మర్నాడే బ్యాంకు ఫారం నింపండి. ఈలోగా వాళ్లు ఇంకో వీడియో పంపమని అడిగితే, పాతది మళ్లీ జత చేసి అదే తేదీ గుర్తుచేయండి, కొత్తగా ఏ పరీక్షకూ ఆ టాబ్లెట్‌ను ఆన్ చేయొద్దు.